ఖాతాలో డబ్బు మాయమైతే బ్యాంకు చేత జవాబు చెప్పించడం ఎలా: బెంగళూరు తెలుగువారికి సమగ్ర మార్గదర్శి

మీకు తెలియకుండా ఖాతాలోంచి డబ్బు పోయిందా? బ్రాంచి మేనేజరు ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిన పని లేదు. ఆ లావాదేవీ మీరే చేశారని, లేదా మీ నిర్లక్ష్యం వల్లే జరిగిందని రుజువు చేసే భారం బ్యాంకు మీదే ఉంది. మీ వంతు పని వేరే: సమయం పోకుండా తెలియజేయడం, తెలియజేసినట్టు తేదీ, నంబరు ఉన్న ఆధారం సంపాదించడం. న్యాయం తమ వైపే ఉన్నా ఓడిపోయిన ఖాతాదారుల్లో చాలామంది ఈ రెండో పని దగ్గరే ఓడిపోతారు. అందుకే ఈ మార్గదర్శిలో చట్టం గురించి ఎంత ఉందో, గడియారం గురించి, కాగితం గురించి కూడా అంతే ఉంది.

అసలు పోయింది ఎవరి డబ్బు?

మీరు డిపాజిట్ చేసిన సొమ్ము చట్టం దృష్టిలో బ్యాంకు సొమ్ము అయిపోతుంది. అంత మొత్తం బ్యాంకు మీకు బాకీ పడుతుంది. మీ ఆదేశం వస్తేనే ఆ బాకీలోంచి తీసి ఇంకొకరికి చెల్లించాలి. చెక్కు మీద సంతకం, ఏటీఎం పిన్, యూపీఐ పిన్, ఓటీపీ ఇవన్నీ ఆ ఆదేశానికి రూపాలు. ఆదేశం లేకుండా ఎవరికో చెల్లిస్తే బ్యాంకు తన డబ్బు పోగొట్టుకున్నట్టు. మీకు బ్యాంకు పడ్డ బాకీ అలాగే ఉంటుంది, ఆ చెల్లింపును మీ ఖాతాలో డెబిట్ రాసుకునే హక్కు బ్యాంకుకు లేదు.

ఇది వాదన కోసం చెప్పే మాట కాదు. కెనరా బ్యాంక్ వర్సెస్ కెనరా సేల్స్ కార్పొరేషన్ కేసులో 1987లో సుప్రీంకోర్టు ఇదే సూత్రాన్ని నిలబెట్టింది. ఫోర్జరీ సంతకంతో వచ్చిన చెక్కు అసలు ఆదేశమే కాదని చెప్పింది. ఖాతాదారు పాస్‌బుక్ సరిగ్గా చూసుకోలేదు కాబట్టి నష్టం అతనిదేనన్న బ్యాంకు వాదనను ఒప్పుకోలేదు. 2019లో కేరళ హైకోర్టు దీన్ని ఫోన్ల కాలానికి తెచ్చింది: ఎస్ఎంఎస్ అలర్టుకు వెంటనే స్పందించలేదన్న ఒక్క కారణంతో బ్యాంకు తప్పించుకోలేదని తేల్చింది. 2025 జనవరి 3న సుప్రీంకోర్టు గౌహతి హైకోర్టు తీర్పులో జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. రూ. 94 వేలకు పైగా పోగొట్టుకుని 24 గంటల్లోపే బ్యాంకుకు చెప్పిన ఖాతాదారుకు ఆ డబ్బు స్టేట్ బ్యాంక్ చెల్లించాల్సిందేనన్న తీర్పు అది. మోసాలను పసిగట్టే సాంకేతికత బ్యాంకు దగ్గర ఉండాలని కోర్టు చెప్పింది. ఖాతాదారులు కూడా ఓటీపీలు ఎవరికీ చెప్పకుండా జాగ్రత్తగా ఉండాలని అదే నోటితో అంది. ఈ రెండో మాటను బ్యాంకు లాయర్లు వదలరు, గుర్తుంచుకోండి.

బ్యాంకు చూపాల్సిన జాగ్రత్తకు ఆధారాలు ఒక్కచోట దొరకవు. చెక్కుల విషయంలో 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం బ్యాంకింగ్‌ను సేవగా, నిర్లక్ష్యాన్ని సేవాలోపంగా లెక్కిస్తుంది. రోజువారీ పోరాటంలో ఎక్కువగా పనికొచ్చేవి మాత్రం 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు వాణిజ్య బ్యాంకులకు ఇచ్చిన ఆదేశాలు. అదే ఏడాది డిసెంబరులో సహకార బ్యాంకులకూ అలాంటివే వచ్చాయి. ఆర్బీఐ ఈ నియమాలను సవరిస్తూ ఉంటుంది కాబట్టి ఫిర్యాదు రాసే ముందు, లావాదేవీ జరిగిన రోజున అమల్లో ఉన్న పాఠం ఏదో ఆర్బీఐ వెబ్‌సైట్లో చూసి దాన్నే ఉటంకించండి.

ఎంత నష్టం ఎవరి మీద పడుతుంది

2017 ఆదేశాల ప్రకారం తప్పు ఎక్కడుందన్న దాన్ని బట్టి లెక్క మారుతుంది.

తప్పు బ్యాంకుదైతే, అంటే సిబ్బంది మోసం, నిర్లక్ష్యం, వ్యవస్థలో లోపం లాంటివైతే, మీ మీద ఒక్క రూపాయి కూడా పడదు. మీరు ఎప్పుడు చెప్పారన్నది కూడా ఇక్కడ అడ్డురాదు.

తప్పు మీదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో ఎక్కడో జరిగింది అనుకుందాం. బ్యాంకు సమాచారం అందిన తర్వాత 3 పనిదినాల్లోపు తెలియజేస్తే మీకు నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెబితే ఒక్కో లావాదేవీకి మీరు భరించాల్సిన గరిష్ఠ మొత్తం ఖాతాను బట్టి ఉంటుంది. బేసిక్ సేవింగ్స్ ఖాతాకు రూ. 5,000. మామూలు సేవింగ్స్ ఖాతాలకు, వాలెట్లకు, రూ. 5 లక్షల లోపు పరిమితి ఉన్న క్రెడిట్ కార్డులకు రూ. 10,000. చిన్న వ్యాపారుల కరెంటు ఖాతాలు కూడా ఈ రూ. 10,000 వరుసలోకే వస్తాయి. అంతకంటే పెద్ద కరెంటు ఖాతాలకు, కార్డులకు రూ. 25,000. 7 పనిదినాలు దాటితే ఆ బ్యాంకు బోర్డు ఆమోదించిన విధానం ప్రకారం నడుస్తుంది. ఆ విధానాన్ని బ్యాంకు అందరికీ అందుబాటులో ఉంచాలి, అడిగి తీసుకోండి.

తప్పు మీదే అయితే, అంటే పిన్నో ఓటీపీనో మీరే ఎవరికైనా చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసే క్షణం దాకా పోయింది మీరే భరించాలి. చెప్పిన తర్వాత పోయిన ప్రతి రూపాయీ బ్యాంకుదే. ఓటీపీ చెప్పేశాం, ఇక ఎవరికి చెప్పుకున్నా లాభం లేదని సిగ్గుతో ఊరుకునేవాళ్లు ఇక్కడే రెండోసారి నష్టపోతారు. మోసగాళ్లు తరచూ విడతలు విడతలుగా లాగుతారు. మొదటి విడతకు, చివరి విడతకు మధ్య మీరు చేసే ఒక్క ఫోన్ మిగతా సొమ్ము భారాన్ని బ్యాంకు మీదికి మారుస్తుంది.

2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా ఆర్బీఐ ఇచ్చిన ధ్రువీకరణ ఆదేశాలు ఇంకో ఆయుధం. డిజిటల్ చెల్లింపుకు కనీసం రెండు వేర్వేరు ధ్రువీకరణలు ఉండాలి. ఆ ఆదేశాలు పాటించకుండా జరిగిన లావాదేవీ వల్ల నష్టం వస్తే, కార్డు లేదా ఖాతా ఇచ్చిన సంస్థ మారుమాట లేకుండా పూర్తిగా చెల్లించాలి.

మొదటి గంట: ఏది ముందు, ఏది తర్వాత

మొదట ఫోన్‌లో మొబైల్ డేటా, వైఫై ఆపేయండి. ఏదైనా ఏపీకే (యాప్‌ని నేరుగా ఇన్‌స్టాల్ చేసే) ఫైలో స్క్రీన్ చూపించే యాపో ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఇది మరీ ముఖ్యం. కంగారులో ఫోన్‌ని ఫార్మాట్ చేయకండి, ఆ యాప్‌ని అప్పుడే తీసేయకండి. మీరు ఓటీపీ ఎవరికీ చెప్పలేదని చూపించే సాక్ష్యం అందులోనే ఉండొచ్చు.

తర్వాత ఇంకో ఫోన్ నుంచి బ్యాంకు కస్టమర్ కేర్‌కు చేసి ఖాతా, కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ నాలుగూ బ్లాక్ చేయించండి. కార్డు ఒక్కటి బ్లాక్ చేస్తే యూపీఐ ఆగదు. ఇక్కడ జరిగే పొరపాట్లలో ఇదే పెద్దది. నంబరును గూగుల్‌లో వెతకొద్దు, నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు అక్కడే కాచుకుని ఉంటాయి. కార్డు వెనకో పాస్‌బుక్ మీదో ఉన్న నంబరు వాడండి. ఫిర్యాదు నంబరు చెప్పేదాకా ఫోన్ పెట్టేయకండి. 24 గంటలూ ఫిర్యాదు తీసుకునే మార్గాలు, ఫిర్యాదు నంబరుతో సమాధానం పంపే ఏర్పాటు బ్యాంకుకు తప్పనిసరి.

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో నమోదు చేయండి. అడిగే వివరాలు చేతిలో ఉంచుకోండి: ఖాతా నంబరు, మొత్తం, తేదీ, సమయం, లావాదేవీ గుర్తింపు సంఖ్య, డబ్బు వెళ్లిన యూపీఐ ఐడీ లేదా ఖాతా. యూపీఐ అయితే ఆ సంఖ్య 12 అంకెల యూటీఆర్, యాప్‌లో ఆ లావాదేవీని తెరిస్తే కనిపిస్తుంది. ఈ వివరాలతో డబ్బు చేరిన బ్యాంకుకు హెచ్చరిక వెళ్తుంది, అక్కడ ఇంకా మిగిలి ఉన్న మొత్తం మీద హోల్డ్ పడుతుంది. దొంగలు దాన్ని నిమిషాల్లో పది ఖాతాలకు చీలుస్తారు. అందుకే ఈ ఫోన్ మర్నాటికి వాయిదా వేసేది కాదు.

బెంగళూరులో సైబర్, ఆర్థిక, మాదకద్రవ్యాల కేసులు చూసే సెన్ పోలీసు స్టేషన్లు డివిజన్ల వారీగా ఉన్నాయి. 1930 నంబరుతో ఆగిపోకుండా మీ డివిజన్ సెన్ స్టేషన్లో ఎఫ్ఐఆర్ కూడా చేయించండి. పరిధి మాది కాదని తిప్పి పంపితే, పరిధితో పని లేకుండా సమాచారం నమోదు చేసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోందని గుర్తుచేయండి. ఆన్‌లైన్లో పంపితే 3 రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. కన్నడ రాకపోయినా ఇబ్బంది లేదు, ఫిర్యాదు ఇంగ్లీషులో ఇవ్వండి.

పనిదినాలు లెక్కపెట్టేది ఖాతా ఉన్న ఊరి క్యాలెండరుతో

మారతహళ్లిలోనో కె.ఆర్. పురంలోనో ఉంటూ ఖాతా మాత్రం అనంతపురం, కర్నూలు, చిత్తూరులో కాలేజీ రోజుల్లో తెరిచిన బ్రాంచిలోనే ఉంచుకున్నవాళ్లు లక్షల్లో ఉంటారు. 3, 7 రోజుల లెక్క మీ హోమ్ బ్రాంచి, అంటే ఖాతా ఉన్న బ్రాంచి, పనిదినాల ప్రకారం నడుస్తుంది. సమాచారం అందిన రోజును వదిలేసి లెక్కపెట్టాలి.

ఉదాహరణకు 2025 అక్టోబరు 30, గురువారం ఎస్ఎంఎస్ వచ్చిందనుకోండి. నవంబరు 1 శనివారం కన్నడ రాజ్యోత్సవం, కర్ణాటకలో బ్యాంకులకు సెలవు. హోమ్ బ్రాంచి బెంగళూరులో ఉంటే శుక్రవారం ఒకటి, సోమవారం రెండు, మంగళవారం నవంబరు 4 మూడు. అదే హోమ్ బ్రాంచి అనంతపురంలో ఉంటే ఆ మొదటి శనివారం పనిదినమే, కాబట్టి గడువు సోమవారం నవంబరు 3తోనే ముగిసిపోతుంది. ఇక్కడి బ్రాంచికి తాళం ఉందని ఆగితే అక్కడి గడియారం ఆగదు. రెండో, నాలుగో శనివారాలు రెండు చోట్లా సెలవే.

ఇదే తరహా చిక్కు ఫోన్ నంబరుతోనూ వస్తుంది. ఖాతాకు నాన్నగారి నంబరో, వాడకం మానేసిన పాత సిమ్మో లింకై ఉంటే అలర్టు అక్కడికి వెళ్తుంది, మీకు తెలిసేసరికి పది రోజులు గడుస్తాయి. నంబరు మార్చమని గతంలో మీరు దరఖాస్తు ఇచ్చి ఉంటే దాని రసీదు వెతికి తీయండి. దరఖాస్తు తీసుకుని మార్చకపోవడం బ్యాంకు లోపం.

బ్యాంకుకు రాసే లేఖ

ఫోన్‌లో చెప్పిన మాటకు రికార్డు బ్యాంకు దగ్గర ఉంటుంది, మీ దగ్గర ఉండదు. అందుకే అదే రోజు ఈమెయిల్, మర్నాడు కాగితం. ఈమెయిల్ హోమ్ బ్రాంచికి, బ్యాంకు నోడల్ అధికారికి రెండు చోట్లకీ వెళ్లాలి. కాగితం ఇంగ్లీషులో రాయండి. ఇక్కడి ఏ బ్రాంచిలో ఇచ్చినా రెండో కాపీ మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. వేయం అని వాళ్లంటే గొడవ పడకుండా బయటికొచ్చి స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచండి.

లేఖ ఒక పేజీ దాటకూడదు. సారాంశం ఇలా ఉండాలి:

"నా సేవింగ్స్ ఖాతా నుంచి ఫలానా తేదీన, ఫలానా సమయానికి, ఇంత మొత్తం డెబిట్ అయింది. లావాదేవీ సంఖ్య ఇది. దీనికి నేను ఆదేశం ఇవ్వలేదు. మీ ఎస్ఎంఎస్ నాకు ఇన్ని గంటలకు చేరింది. ఇన్ని గంటలకు మీ కస్టమర్ కేర్‌కు తెలియజేశాను, ఫిర్యాదు నంబరు ఇది. 1930లో ఫిర్యాదు సంఖ్య ఇది. ఆర్బీఐ ఆదేశాల ప్రకారం 10 పనిదినాల్లో ఈ మొత్తాన్ని లావాదేవీ జరిగిన తేదీతోనే నా ఖాతాలో జమ చేయండి, 90 రోజుల్లో బాధ్యత తేల్చండి. ఇది నా నిర్లక్ష్యమని మీరు అనుకుంటే అందుకు ఆధారాలు రాతపూర్వకంగా ఇవ్వండి."

ఆ కింద భద్రపరచమని అడగాల్సిన రికార్డుల జాబితా పెట్టండి. లావాదేవీ ఏ పరికరం నుంచి, ఏ ఐపీ అడ్రసు నుంచి జరిగింది. ఓటీపీ ఏ నంబరుకు వెళ్లింది, ఎన్ని గంటలకు డెలివరీ అయింది. డబ్బు అందుకున్న ఖాతాను మీ ఖాతాలో ఎప్పుడు చేర్చారు. రోజువారీ పరిమితి ఎప్పుడు పెంచారు. గత 30 రోజుల్లో ఫోన్ నంబరు, ఈమెయిల్ మార్పుకు ఏమైనా అభ్యర్థన వచ్చిందా. ఏటీఎం అయితే ఆ రోజు కెమెరా దృశ్యాలు, యంత్రం లాగ్, నగదు సరిచూసిన నివేదిక. కెమెరా దృశ్యాల మీద కొన్నాళ్లకు కొత్తవి రికార్డు అయిపోతాయి. మొదటి లేఖలోనే అడిగితే, పోయాయని తర్వాత చెప్పడం బ్యాంకుకే ఎదురు తిరుగుతుంది. వినియోగదారుల కమిషన్ దాకా వెళ్తే ఈ రికార్డులకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ధ్రువపత్రం కావాలి, దాన్ని కూడా ఇప్పుడే అడిగి ఉంచండి.

రాయకూడనివి కూడా ఉన్నాయి. "నా పొరపాటు వల్ల", "నేనే మోసపోయాను" లాంటి తీర్మానాలు రాయకండి. అలాగని అబద్ధమూ రాయకండి. ఓటీపీ చెప్పి ఉంటే చెప్పానని, ఎన్ని గంటలకు చెప్పారో రాయండి. లింకు నొక్కి ఉంటే అదే రాయండి. జరిగింది జరిగినట్టు, గంటలతో సహా రాయాలి. అది నిర్లక్ష్యం అవునో కాదో తేల్చడం మీ పని కాదు. బ్రాంచిలో ఇచ్చే ముద్రిత వివాద ఫారాన్ని మొత్తం చదవకుండా సంతకం పెట్టొద్దు. మీకు వర్తించని వాక్యం ఉంటే కొట్టేసి పక్కన పొట్టి సంతకం చేయండి.

10 పనిదినాల్లో పడే జమ ఖాతాలో కనిపిస్తుంది గాని, విచారణ తేలేదాకా దాన్ని వాడుకోనివ్వకుండా హోల్డ్ పెట్టే బ్యాంకులు ఉన్నాయి. అయినా వదలొద్దు. మీ వడ్డీ ఆగకుండా, క్రెడిట్ కార్డు మీద అదనపు వడ్డీ పడకుండా కాపాడేది ఆ జమే.

బ్యాంకు చెప్పే జవాబులు, వాటికి బదులు

"ఓటీపీ సరిగ్గానే పడింది, కాబట్టి మీరే చెప్పి ఉంటారు." అన్నిటికంటే ఎక్కువగా వచ్చే జవాబు ఇదే. సరైన ఓటీపీ పడిందంటే ఎవరో దాన్ని టైపు చేశారని అర్థం, అంతే. ఎవరు, ఏ ఫోన్ నుంచి అన్నది దానివల్ల తేలదు. సిమ్ స్వాప్ (మీ నంబరుకు ఇంకొకరు కొత్త సిమ్ తీసుకోవడం) జరిగి ఉండొచ్చు, మెసేజిలను దొంగచాటుగా పంపే యాప్ ఉండొచ్చు. ఆ రోజు మీ ఫోన్‌లో సిగ్నల్ పోయి ఉంటే టెలికాం కంపెనీ నుంచి సిమ్ ఎప్పుడు, ఎక్కడ మార్చారో రాతపూర్వకంగా తీసుకోండి. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్ఎంఎస్ ఆపి ఉంచాలన్న నియమం ఉంది, ఆలోపే ఓటీపీ చేరి ఉంటే వాళ్ల తప్పూ బయటపడుతుంది. కొత్త పరికరం, కొత్త లబ్ధిదారు, పెంచిన పరిమితి, అర్ధరాత్రి వరుస బదిలీలు అన్నీ ఒకే గంటలో జరిగితే బ్యాంకు వ్యవస్థకు ఎందుకు అనుమానం రాలేదని అడగండి. జాగ్రత్త బాధ్యత అన్న మాటకు అసలు పరీక్ష ఈ ప్రశ్నే.

"మీరు ఏపీకే ఇన్‌స్టాల్ చేశారు." ట్రాఫిక్ చలాన్ పేరుతో, పెళ్లి శుభలేఖ పేరుతో వచ్చే ఫైళ్ల కేసుల్లో ఇది వస్తుంది. 2017 ఆదేశాలు నిర్లక్ష్యానికి ఇచ్చే ఉదాహరణ చెల్లింపు వివరాలను ఇంకొకరితో పంచుకోవడం. తెలియక ఒక ఫైలు తెరవడం, పిన్ చెప్పడం ఒకటి కావని వాదించవచ్చు. ఇది గట్టి వాదనే గాని ఖాయంగా గెలిచేది కాదు. మీరు ఎంత త్వరగా చెప్పారన్న దాని మీద చాలా ఆధారపడుతుంది.

"పోలీసు విచారణ తేలాక చూద్దాం." కుదరదు. 90 రోజుల గడువు పోలీసుల కోసం ఆగదు. ఆలోపు బాధ్యత తేల్చకపోతే ఆదేశాల్లో చెప్పిన పరిహారం చెల్లించాల్సిందే.

"మీ ఫిర్యాదు ముగించాం" అని ఒక్క వాక్యం ఎస్ఎంఎస్ వస్తే, తిరస్కరణకు కారణాలతో లేఖ అడగండి. పెద్ద బ్యాంకుల్లో ఫిర్యాదును తిరస్కరించే ముందు అంతర్గత అంబుడ్స్‌మన్, అంటే ఫిర్యాదులను స్వతంత్రంగా పరిశీలించే అధికారి, చూడాలి. ఆయన చూశారా లేదా అన్నది ఆ లేఖలో ఉండాలని రాయండి.

మీరే పిన్ కొట్టి పంపిన డబ్బు

డిజిటల్ అరెస్టు, నకిలీ ట్రేడింగ్ యాప్, పార్ట్‌టైమ్ ఉద్యోగం లాంటి మోసాల్లో డబ్బు మీ చేత్తోనే వెళ్తుంది. 2017 ఆదేశాలు అనధికార లావాదేవీల గురించినవి. వీటిని ఆ లెక్కలోకి తేవడం కష్టం, అందులో మీకు ఆశ పెట్టడం సరికాదు. ఇక్కడ మొదటి ఆధారం 1930 ద్వారా పడే హోల్డ్. హోల్డ్ అయిన మొత్తాన్ని తిరిగి పొందడానికి నాగరిక్ సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఉత్తర్వు అడగాలి. ఎఫ్ఐఆర్ కాపీ, ఏ బ్యాంకులో ఎంత ఆగిందో చూపే పోలీసు నివేదిక దానికి జతచేయాలి.

రెండోది, డబ్బు అందుకున్న బ్యాంకు. ఊరూపేరూ సరిగ్గా చూడకుండా ఖాతా తెరిచి, చిన్న సేవింగ్స్ ఖాతాలో ఒక్కరోజు లక్షలు వచ్చి పోతున్నా పట్టించుకోకపోతే అది కేవైసీ ఆదేశాల ఉల్లంఘన. ఆ బ్యాంకుకూ విడిగా లేఖ రాయండి. ఈ దారి పొడవైనది, మంచి న్యాయవాది సాయం ఉండాలి.

అంబుడ్స్‌మన్ దగ్గరికా, వినియోగదారుల కమిషన్‌కా?

ఆర్బీఐ సమగ్ర అంబుడ్స్‌మన్ పథకానికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. నిజానికి న్యాయవాది ద్వారా వేస్తే తీసుకోరు. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా గడువులోపు (2021 పథకంలో అది ఏడాది) ఆర్బీఐ ఫిర్యాదుల సీఎంఎస్ పోర్టల్‌లో వేయాలి. నృపతుంగ రోడ్డులోని ఆర్బీఐ కార్యాలయం చుట్టూ తిరగక్కర్లేదు. కాగితం మీద పంపేవి దేశమంతటా చండీగఢ్ సెక్టార్ 17లోని కేంద్రానికే వెళ్తాయి. 14448లో తెలుగులో కూడా మాట్లాడవచ్చు. 2021 పథకంలో పరిహారం పరిమితులు నష్టానికి రూ. 20 లక్షల దాకా, దానికి పైన మీ సమయానికి, మానసిక క్షోభకు రూ. 1 లక్ష దాకా; పథకం మారి ఉండొచ్చు కాబట్టి ఇప్పటి గడువు, పరిమితులు ఆర్బీఐ వెబ్‌సైట్లో చూసుకోండి.

ఇక్కడ ఫిర్యాదులు వెనక్కి రావడానికి తరచుగా కనిపించే కారణాలు రెండు. 30 రోజులు నిండకుండానే వేయడం ఒకటి. అదే విషయం మీద కమిషన్‌లోనో కోర్టులోనో కేసు నడుస్తుండడం ఇంకొకటి. లోతైన సాక్ష్య విచారణ కావాల్సిన కేసైతే అంబుడ్స్‌మన్ తానే ముగించేయొచ్చు. ముగింపు లేఖలో ఏ క్లాజు పేర్కొన్నారో చూడండి, అన్ని ముగింపులకూ అప్పీలు ఉండదు. అప్పీలు ఉన్నవాటికి గడువు 30 రోజులు.

వినియోగదారుల జిల్లా కమిషన్‌లో మీరు నివసించే చోట, అంటే బెంగళూరులోనే, కేసు వేయవచ్చు. ఖాతా కడపలో ఉన్నా సరే. 2019 చట్టం ఇచ్చిన గొప్ప వెసులుబాటు ఇది. గడువు రెండేళ్లు. సేవకు మీరు చెల్లించిన మొత్తం రూ. 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్లో వేయొచ్చు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. కావాలంటే మీ హోమ్ బ్రాంచితో పాటు కొత్త సిమ్ ఇచ్చిన టెలికాం కంపెనీని, డబ్బు అందుకున్న బ్యాంకును కూడా ప్రతివాదులుగా చేర్చండి.

మా సలహా ఇది. వాస్తవాలు సూటిగా ఉండి, లేఖలు, గంటలు అన్నీ చేతిలో ఉంటే ముందు అంబుడ్స్‌మన్. ఎవరు చేశారన్నదే వివాదమైతే, రికార్డులు బ్యాంకు చేత తెప్పించాల్సి ఉంటే, నేరుగా కమిషన్. అంబుడ్స్‌మన్ దగ్గర గడిచిన కాలాన్ని రెండేళ్లలోంచి తీసేస్తారన్న భరోసా పెట్టుకోవద్దు. అంబుడ్స్‌మన్‌కు వెళ్లినా రెండేళ్ల చివరి తేదీని క్యాలెండరులో రాసి ఉంచుకోండి.

ఇదే బాధ్యత ఇంకొన్ని చోట్ల

ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో కోత పడితే, లావాదేవీ రోజు నుంచి 5 రోజుల్లో తిరిగి జమ కావాలి. దాటితే రోజుకు రూ. 100 చొప్పున, మీరు అడగకుండానే ఇవ్వాలి. యూపీఐలో ఒకరికి పంపిన డబ్బు చేరకపోతే మర్నాటిలోగా వెనక్కి రావాలి, ఆలస్యానికి అదే రూ. 100. 2019 అక్టోబరు 15 నుంచి ఇదే నియమం. అడగనివాళ్లకు చాలాసార్లు రాదు, అందుకే స్టేట్‌మెంటులో చూసుకోండి.

లాకర్ సంగతి వేరు. అందులో ఉన్నవి మీ వస్తువులే, బ్యాంకుకు బాకీ కావు. లోపల ఏముందో మాకు తెలియదంటూ బ్యాంకు చేతులు దులుపుకోలేదని 2021 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు చెప్పాక ఆర్బీఐ కొత్త నియమాలు తెచ్చింది. అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడీ, భవనం కూలడం, సిబ్బంది మోసం వల్ల నష్టం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్లు. అద్దె రూ. 3,000 అయితే రూ. 3 లక్షలు. ఇంట్లో ఆడవాళ్ల బంగారం మొత్తం ఒకే లాకర్లో ఉంటే ఈ లెక్క చూసి విడిగా బీమా చేయించండి. వరద, పిడుగు లాంటివి ఇందులోకి రావు.

ఇంటి అప్పు తీరాక అసలు పత్రాలు 30 రోజుల్లో ఇవ్వాలి. ఆలస్యం బ్యాంకుదైతే రోజుకు రూ. 5,000. 2023 డిసెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది. అప్పు ముగింపు లేఖ తేదీ ఇక్కడ కీలకం, దాన్ని అదే రోజు తీసుకోండి.

ఏమీ జరగకముందే చేసి పెట్టుకోవాల్సినవి

ఖాతాకు ఇప్పుడు మీరు వాడే నంబరు, ఈమెయిల్ రెండూ లింక్ చేయండి. ఎస్ఎంఎస్ తప్పినా ఈమెయిల్ చేరుతుంది. జీతం వచ్చే ఖాతాకు యూపీఐ తగిలించకుండా, ఖర్చులకు విడిగా చిన్న ఖాతా పెట్టుకోండి. రోజువారీ పరిమితిని మీ అవసరానికి సరిపడా తగ్గించండి.

కార్డులో విదేశీ లావాదేవీలు, ఆన్‌లైన్ వాడకం, కాంటాక్ట్‌లెస్ ఆపే స్విచ్ ఇవ్వాలని ఆర్బీఐ 2020 జనవరి 15న బ్యాంకులను ఆదేశించింది. అవసరం లేనివి ఆపేసి, ఆపినట్టు కనిపించే తెర స్క్రీన్‌షాట్ తీసి తేదీతో మీ ఈమెయిల్‌కు పంపుకోండి. విదేశీ వాడకం మీరు ఆపి ఉంచిన కార్డు మీద రేపు ఎక్కడో దేశం బయట లావాదేవీ జరిగితే, ఆ స్విచ్ ఎవరు, ఎప్పుడు, ఏ పరికరం నుంచి తెరిచారో బ్యాంకే చెప్పాల్సి వస్తుంది.